రెండుసార్లే అడిగింది

మా అపార్ట్‌మెంటు వంటగది అల్మరా తలుపుకి లోపలివైపు ఒక జాబితా అంటించి ఉంటుంది. చెంచాలు ఆరు, పళ్ళేలు ఆరు, గ్లాసులు ఆరు, గీతలున్న కొలతల జగ్గు ఒకటి. ఉండేది నేనూ తమ్ముడూ, ఇద్దరమే. నెలకోసారి బిల్డింగు మేనేజరు వచ్చి అన్నీ సరిచూసుకుని, కాగితం మీద నా చేత సంతకం పెట్టించుకుని వెళతాడు. మొదటి నెల జగ్గు కనబడలేదు. ఎక్కడుందని అడిగాడు. బాత్రూములో ఉందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఈ పరాయి దేశపు బాత్రూముల్లో మగ్గు ఉండదు కదా, వచ్చిన రోజే వంటింటి జగ్గుకి ఆ ఉద్యోగం ఇచ్చేశాను. ఆయనే వెతుక్కుంటూ వెళ్ళి, జగ్గునీ నన్నూ మార్చి మార్చి చూసి, కాగితం మీద టిక్కు పెట్టుకున్నాడు. ఎందుకని అడగలేదు. ఇక్కడివాళ్ళు దేనికీ గుచ్చి గుచ్చి అడగరు. అప్పట్లో నాకది మంచి గుణంలాగే కనిపించింది.

ఆరు వారాలకని వచ్చాం, ఐదో నెల నడుస్తోంది. తమ్ముడికి ఒంట్లో రక్తం సరిగ్గా తయారవ్వని జబ్బు. మన డాక్టర్లు చేయగలిగినవన్నీ చేశాక, చివరికి ఒక పెద్దాయన ఈ ఊళ్ళోని ఆసుపత్రి సంగతి చెప్పి ఉత్తరం రాసిచ్చాడు. ఇక్కడ ఒక కొత్త మందు పరీక్షిస్తున్నారు. విడతకి ఎనిమిది మంది. మూడు వారాలకి ఒకరి చొప్పున మొదలుపెడతారు. ఆ ఎనిమిది మందిలో మావాడు లేడు. తొమ్మిదోవాడు. ఎవరైనా జారిపోతే ఆ చోటు మాకొస్తుంది. ఎప్పుడు పిలిచినా గంటలో రాగలిగేంత దగ్గర్లో ఉండాలని, ఆసుపత్రివాళ్ళే తమ అపార్ట్‌మెంటు బిల్డింగులో ఆరో అంతస్తులో మాకు రెండు గదులిచ్చి, నెలనెలా గడువు పొడిగిస్తూ వచ్చారు. అంటే ఎవరో ఒక మనిషికి ఏదో ఒకటి అవ్వాలని కోరుకుంటూ ఐదు నెలలు అన్నం తిన్నాం. పైకి అనలేదు, అంతే.

నా సంగతి కూడా చెప్పాలి. ఇరవై రెండేళ్ళుగా బస్టాండులో ఎంక్వయిరీ కౌంటరు నాది. అద్దానికున్న చిన్న కన్నంలోంచి రోజుకి వెయ్యి నోళ్ళకి జవాబు చెప్పాను. ఏ బస్సు ఎన్నింటికి, ఏ ప్లాట్‌ఫారం మీదకి వస్తుందో ఒక్కసారే చెప్తాను. రెండోసారి అడిగితే గోడమీద బోర్డు చూపిస్తాను. ముక్కుమీద కోపం అంటారు నన్ను. ఉంటే ఉంది, ఆ కోపం లేకపోతే ఆ కౌంటరులో వారం కూడా బతకలేం. సెలవు కోసం పై ఆఫీసరుతో పోట్లాడి మరీ తమ్ముడి వెంట వచ్చాను. మా ఆయన ఫోను చేసినప్పుడల్లా "అక్కడైనా కాస్త నెమ్మదిగా మాట్లాడు" అంటాడు.

తమ్ముడు నాకు పూర్తిగా వ్యతిరేకం. వాడికి ఫోటో స్టూడియో ఉంది. నలభయ్యొక్కేళ్ళు. చెయ్యి మంచి చెయ్యే, మొహమాటమే వాణ్ణి ముంచింది. పెళ్ళి ఫోటోల్లో పెళ్ళికొడుకు మేనమామ అడ్డంగా నిలబడితే "కాస్త జరగండి" అనడానికి నోరు పెగలదు. అందుకని వాడు తీసిన ఆల్బముల్లో పెళ్ళికూతుళ్ళు సగం సగం కనిపిస్తారు. వాడికి పెళ్ళి కాకపోవడానికీ ఆ మొహమాటమే కారణం. పెళ్ళిచూపుల్లో ఒక అమ్మాయి వాడికి నిజంగా నచ్చింది. ఎలా తెలుసంటే, ఆ రోజు తిరుగుబస్సులో వాడు దారంతా ఈల వేశాడు. కానీ అమ్మాయి తండ్రి "ఏమంటారు బాబూ" అని అడిగితే "మీ ఇష్టమండీ" అన్నాడు. నచ్చలేదనుకున్నారు వాళ్ళు. నెల తిరక్కుండా వేరే సంబంధం చేసేశారు. ఆ పెళ్ళికి ఫోటోలు కూడా మావాడే తీశాడు.

ఇందులో వాడి తప్పు ఎంతో, మా అమ్మ తప్పు అంత. మా ఇంట్లో ఎవరు ఏమిచ్చినా మూడోసారి అడిగితే గానీ చెయ్యి చాపకూడదు. మొదటిసారి మాటవరసకి అడుగుతారు, రెండోసారి మర్యాదకి అడుగుతారు, మూడోసారి అడిగితేనే మనసుతో అడిగినట్టు అని అమ్మ మాకు అన్నంతోపాటు కలిపి పెట్టింది. చుట్టాలింటికి వెళితే ముందు ఇద్దరం "వద్దండీ" అనాలి, మళ్ళీ "వద్దండీ, ఇప్పుడే తిన్నాం" అనాలి, మూడోసారికి తలొంచుకుని "సరేనండీ" అనాలి. మా వాళ్ళందరికీ ఈ ఆట తెలుసు కాబట్టి ఎవరూ ఎక్కడా ఆకలితో ఉండిపోలేదు.

ఇక్కడికొచ్చిన మొదటి వారమే ఈ ఆట ఇక్కడ సాగదని అర్థమైంది. పరీక్షల రోజు పొద్దున్నుంచి ఏమీ తాగకుండా సూదులు పొడిపించుకున్నాక, డాక్టరమ్మ ఫ్లాస్కు ఎత్తి తమ్ముడితో "టీ తాగుతారా" అంది. వీడు "వద్దండీ" అన్నాడు. ఆవిడ ఫ్లాస్కు కింద పెట్టి తన కప్పు తను తాగింది. వీడు గుటకలు మింగుతూ నాలుగు గంటలు కూర్చున్నాడు. బయటికొచ్చాక వీధిలోనే దులిపేశాను.

"ఒరేయ్, ఇక్కడ ఒక్కసారే అడుగుతారు. కావాలంటే కావాలను, వద్దంటే వద్దను. బుర్రకెక్కిందా?"

"ఎక్కిందిలే అక్కా. ఆవిడకున్నదే చిన్న ఫ్లాస్కు, పాపం."

"ఆవిడ ఫ్లాస్కు సంగతి నీకెందుకురా, నీ గొంతు సంగతి చూసుకో."

ఆ రోజే నిర్ణయించేశాను, ఇక ఇక్కడ మాట్లాడాల్సినవన్నీ నేనే మాట్లాడతానని. ఆసుపత్రి కాగితాల్లో 'ఎవరికి ఫోను చెయ్యాలి, ఎవరు జవాబు చెప్పాలి' అన్న చోట వాడు నా పేరే రాశాడు. "నాకంటే అక్కకే బాగా తెలుసు" అని నర్సుతో అన్నాడు కూడా. ఆ నర్సు చేతిలోనే పిలుపుల జాబితా ఉండేది కాబట్టి మేం ఆవిణ్ణి లిస్టు నర్సు అనేవాళ్ళం. నలభై దాటిన మనిషి, మెత్తటి గొంతు. ఆవిడదీ అరువు ఇంగ్లీషే, నాదీ అరువు ఇంగ్లీషే కాబట్టి మా ఇద్దరికీ బాగానే కుదిరింది.

రోజులు గడిచే తీరు చెప్పడానికేమీ లేదు. కిటికీ బెత్తెడు మాత్రం తెరుచుకుంటుంది. ఎదుటి బిల్డింగులో ఒకాయన పొద్దున్నే కిటికీ తుడుస్తాడు. తుడిచిన కిటికీనే మర్నాడు మళ్ళీ తుడుస్తాడు. ఆయనకి తమ్ముడు అద్దాల మేస్త్రి అని పేరు పెట్టాడు. ఎనిమిదింటికి మాత్రలు, పదింటికి నడక, అంటే వరండాలో లిఫ్టు దాకా వెళ్ళి రావడం. మొదటి నెల ఇరవైసార్లు తిరిగేవాడు. మూడో నెలకి పది. ఐదో నెలకి రెండుసార్లు తిరిగి, లిఫ్టు పక్కన గోడకి ఆనుకుని, గోడమీద ఏదో కాగితం చదువుతున్నట్టు నిలబడేవాడు. ఆ కాగితంలో ఏముందని ఒకరోజు అడిగితే చెప్పలేకపోయాడు. నేనూ మళ్ళీ అడగలేదు.

బట్టలు ఉతుక్కునే గది బిల్డింగు అడుగున ఉంటుంది. మెషీన్లు నాలుగు, వాటి ముందు ఒక బల్ల. ఎవరి వంతు ఎప్పుడో గోడమీద కాగితంలో రాసుకోవాలి. అక్కడే నాలుగో అంతస్తావిడ పరిచయమైంది. ఆవిడది వేరే దేశం. ఆవిడకీ అదే జబ్బు, ఆవిడా అదే జాబితాలో ఉంది, ఎన్నోదో నేనడగలేదు. ఇద్దరు చిన్నపిల్లలు, మొగుడు. బుట్ట ఎత్తలేక మెట్టు మెట్టుకీ ఆగేది. నేనే రెండుసార్లు ఎత్తిపెట్టాను. పెద్ద మాటలేమీ లేవు మా మధ్య. సబ్బుపొడి తక్కువైతే ఇచ్చుకునేవాళ్ళం.

ఐదో నెల మొదట్లో నేనొక పని చేశాను. ఆ విడతలో ఆరుగురికి మందు మొదలైపోయింది. ఇంకా రెండు చోట్లే ఉన్నాయి, ఆ ఇద్దరూ రాయిలా ఉన్నారు. తమ్ముడికి ఆ పొద్దున ముక్కులోంచి నెత్తురు గంటసేపు ఆగలేదు. లిస్టు నర్సుకి ఫోను చేసి నోటికొచ్చినట్టు అనేశాను. మనుషులు చచ్చాక పిలుస్తారా, మీకు తోబుట్టువులు లేరా, ఆ కాగితం చేతిలో పెట్టుకుని ఊరికే కూర్చోవడానికేనా మీకు ఉద్యోగం, ఇలాంటివి. ఆవిడ ఒక్క మాట తిరిగి అనలేదు. అన్నీ విని, "మీ బాధ నాకు తెలుసు" అని ఊరుకుంది. ఎదురు తిట్టినా బాగుండేది.

తమ్ముడు ముక్కు దగ్గర గుడ్డ పట్టుకునే అంతా విన్నాడు. "ఆవిడేం చేస్తుందక్కా. ఈసారి మాట్లాడినప్పుడు కాస్త మర్యాదగా మాట్లాడు, పాపం" అన్నాడు. నాకూ సిగ్గేసింది. కౌంటరుకి అవతల నిలబడి అరిచేవాళ్ళని ఇరవై రెండేళ్ళు చూసినదాన్ని, నేనూ వాళ్ళలాగే అరిచాను. ఈసారి ఆవిడతో చాలా మర్యాదగా మాట్లాడాలని గట్టిగా అనుకున్నాను. అనుకున్నది నూటికి నూరుపాళ్ళూ చేశాను కూడా.

అది జరిగి రెండు వారాలు. బుధవారం, పొద్దున్న పది. నేను కింద బట్టల గదిలో ఉన్నాను. మా బట్టలు మెషీనులో తిరుగుతున్నాయి. పక్క మెషీను మీద నాలుగో అంతస్తావిడ పిల్లల సాక్సులు వరసగా ఆరేసి ఉన్నాయి, నా బొటనవేలంత సాక్సులు. ఫోను మోగింది. లిస్టు నర్సు.

"మీ తమ్ముడికి ఒక చోటు ఖాళీ అయింది," అంది. "ఈ వారం మొదలుపెట్టాల్సిన ఆయనకి జ్వరం వచ్చింది. ఇవాళ మధ్యాహ్నం రెండింటికల్లా వార్డులో ఉండాలి. ఇంత హడావిడిగా చెప్తున్నందుకు ఏమీ అనుకోకండి."

ప్రాణం లేచొచ్చింది. బల్లమీద కూర్చున్నాను. ముందు నోట్లోంచి వచ్చిన మాట మందు గురించి కాదు. "మొన్న మీ మీద నోరు పారేసుకున్నాను. మనసులో పెట్టుకోకండి" అన్నాను.

"లేదు, పెట్టుకోలేదు. మీకు ఇవాళ వీలుకాకపోతే కంగారుపడకండి. మీ తర్వాత ఉన్నావిడ కూడా సిద్ధంగానే ఉంది. చిన్నపిల్లల తల్లి. ఆవిణ్ణి పిలుస్తాను. మీరేమంటారు?"

"అయ్యో, పిల్లల తల్లా పాపం," అన్నాను. "అయితే ముందు ఆవిణ్ణే కానివ్వండి. మాదేముంది, ఆగుతాం."

ఈ మాటకి అర్థం ఏమిటో మనలో ఎవర్నడిగినా చెప్తారు. దీనర్థం వద్దని కాదు. మీరు మాకు మేలు చేస్తున్నారు, అది నాకు తెలిసింది, మొన్న అన్ని మాటలన్నదాన్ని ఇవాళ ఎగబడి అందుకుంటే నాకు ముఖం చెల్లదు, ఇంకోసారి అడగండి తీసుకుంటాను, అని. ఇదంతా నేను ఆలోచించి అన్నది కూడా కాదు. తుమ్ము వచ్చినట్టు వచ్చేసింది. మర్యాదగా మాట్లాడాలని నోటిని అంతగా బిగించి పెట్టుకున్నాను కదా, మర్యాద అనగానే ఆ నోటికి తెలిసిందేదో అదే పలికింది.

ఆవిడ నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీస్తూ అడిగింది. "మీరు ఖచ్చితంగానే అంటున్నారా? ఆ చోటు ఆవిడకి ఇమ్మంటున్నారా?"

అది రెండోసారి. రెండోసారికి ఏమనాలో నాకు ఐదేళ్ళ వయసునుంచీ వచ్చు.

"ఖచ్చితంగానండీ. మా గురించి మీరేం ఇబ్బంది పడకండి."

నోట్లో మూడో జవాబు సిద్ధంగా ఉంది. సరేనండీ, మీరింతగా అంటున్నారు కాబట్టి వస్తాం, ఒంటిగంటకల్లా అక్కడుంటాం. లేచి నిలబడ్డాను కూడా, తమ్ముడికి ఏ చొక్కా వెయ్యాలా అనుకుంటూ.

"మీది చాలా పెద్ద మనసు," అంది లిస్టు నర్సు. "రాసుకుంటున్నాను." ఫోను పెట్టేసింది.

నేను ఫోను చెవికి ఆనించుకునే నిలబడ్డాను. మెషీను తిరుగుతోంది. మళ్ళీ చేస్తుందనుకున్నాను. ఎంతసేపు అలా ఉన్నానో తెలీదు, మెషీను ఆగి గంట కొట్టాక గానీ ఆవిడ ఇక చెయ్యదని తెలియలేదు. అప్పుడు చేశాను. మోగి మోగి, వేరే గొంతు ఎత్తి ఆగమంది. ఏదో పాట పెట్టారు. ఆ పాట అలా సాగుతూనే ఉంది. ఫోను పట్టుకునే రోడ్డెక్కాను, చెప్పులు మార్చుకోలేదని బస్సులో కూర్చున్నాక చూసుకున్నాను, బట్టల గదిలో వేసుకునే రబ్బరు జోళ్ళే ఉన్నాయి.

వార్డుకి చేరేసరికి పదకొండున్నర. లిస్టు నర్సు నన్ను చూసి నవ్వుతూ లేచి రెండు చేతులూ పట్టుకుంది. నేను చెప్పింది వినేకొద్దీ ఆ నవ్వు ఆరిపోయింది.

"రెండుసార్లు అడిగాను," అంది. కాగితం తిప్పి చూపించింది. మొదటి జవాబు పది గంటల నాలుగు నిమిషాలకి, రెండో జవాబు పది గంటల ఐదు నిమిషాలకి. "రెండుసార్లు అడిగి రాసుకోవాలని మాకు రూలు. పొరపాటు జరక్కూడదనే ఆ రూలు."

"మా ఇంట్లో మూడుసార్లు," అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. ఎలా అవుతుంది. చెప్పబోయాను. చెప్తుంటే నా చెవులకే పిచ్చిదాని మాటల్లా ఉన్నాయి. ఆవిడ నా భుజం పట్టుకుని అద్దం తలుపు దాకా తీసుకెళ్ళింది. ఆ మందు మనిషి బరువుని బట్టి అప్పటికప్పుడు కలుపుతారట. కలిపాక ఇంకొకరికి పనికిరాదు. పిలిచిన అరగంటలోనే వచ్చేసిందట, లోపల మంచం మీద నాలుగో అంతస్తావిడ పడుకుని ఉంది. సీసా వేలాడుతోంది, గొట్టం చేతిలోకి దిగిపోయింది. మొగుడు పక్కన కూర్చుని చిన్నదాన్ని ఒళ్ళో ఆడిస్తున్నాడు. లోపలికెళ్ళి ఆ గొట్టం పీకెయ్యాలనిపించింది నాకు. నిజం చెప్తున్నాను, చెయ్యి తలుపు పిడి మీద పడింది కూడా. పిల్లది నన్ను గుర్తుపట్టి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

ఇల్లు చేరేసరికి తమ్ముడు నా పళ్ళెం మీద ఇంకో పళ్ళెం బోర్లించి ఉంచాడు. "ఎక్కడికెళ్ళావక్కా, బట్టలు అలా వదిలేసి?" అన్నాడు. వాడే లిఫ్టులో కిందికెళ్ళి తడిబట్టలు తెచ్చి కుర్చీలమీద ఆరేశాడు. ఆ పనికి వాడి పెదాలు తెల్లబడి ఉన్నాయి. బజారుకెళ్ళానని చెప్పాను. ఏం తెచ్చావని అడగలేదు. అన్నం కలుపుకుని పళ్ళెం పక్కన పెట్టేశాను. చెప్పాలనుకున్నాను. సాయంత్రం చెప్దామనుకున్నాను, మర్నాడు చెప్దామనుకున్నాను. రెండు బస్సుల టైములు తప్పు చెప్పినందుకు ఎవరో ముక్కూమొహం తెలీనివాళ్ళకి క్షమాపణ చెప్పుకున్నదాన్ని, తోడబుట్టినవాడికి ఈ ముక్క చెప్పలేకపోయాను.

తన వంతు రోజుకి ఎనిమిదో చోటు మనిషి కూడా నిక్షేపంగా వచ్చి మందు మొదలుపెట్టించుకున్నాడు. ఇక తర్వాతి విడత మూడు నెలల తర్వాతే. మూడు వారాలు తిరిగేసరికి డాక్టరమ్మ మమ్మల్ని పిలిచి, తమ్ముడి కాలేయం దెబ్బతింటోందని, ఈ మందు ఇప్పుడిక వాడి ఒళ్ళు తట్టుకోదని, జాబితాలోంచి పేరు తీసేస్తున్నామని చెప్పింది. వేరే మందేమీ లేదా అని నేనడిగాను. లేదంది. ఎంతకాలమని నేనడక్కముందే ఆవిడే చెప్పింది. నెలలు అనలేదు, వారాలంది. తమ్ముడు లేచి ఆవిడకి థాంక్స్ చెప్పాడు. నెలాఖరుదాకా అపార్ట్‌మెంటులో ఉండొచ్చని చెప్పి కాగితం ఇచ్చారు.

బస్సులో నేను ఏడుస్తుంటే వాడే ఓదార్చాడు. "నువ్వు చేయాల్సిందంతా చేశావక్కా. మన వంతు రాలేదు, అంతే. వచ్చుంటే వేరు. రానిదానికి ఎవరేం చేస్తారు."

ఆ మాట విన్నాక ఇక జన్మలో చెప్పలేననుకున్నాను.

చెప్పాల్సిన పని లేకుండా పోయింది. తర్వాతి ఆదివారం పొద్దున పదకొండింటికి తలుపు తట్టారు. తీస్తే నాలుగో అంతస్తావిడ, ఇద్దరు పిల్లలు, చేతిలో పళ్ళబుట్ట. ఆవిడ బుట్ట తనే మోసుకొచ్చింది. బుగ్గల్లోకి రంగొచ్చింది. గుమ్మంలో నా మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చేసింది. ఆసుపత్రివాళ్ళు పేరు చెప్పలేదట. మీ బిల్డింగులోనే ఒకావిడ తన తమ్ముడి చోటు నీకిచ్చింది అని మాత్రం ఎవరో నోరుజారారట. అక్కాతమ్ముళ్ళు ఉన్నది మా ఒక్క ఇంట్లోనే. ఇంగ్లీషులో, మెల్లగా, తమ్ముడికి కూడా బాగా అర్థమయ్యేలా చెప్పింది అంతా.

తమ్ముడు కుర్చీలో కూర్చుని విన్నాడు. నా వైపు ఒకసారి చూశాడు. కోపంగా కాదు, కౌంటరులో బస్సు వెళ్ళిపోయిందని చెప్తే చూస్తారే, అలా. తర్వాత లేచాడు. లేవడానికి రెండుసార్లు ప్రయత్నించి లేచాడు. ఆవిణ్ణి మంచి కుర్చీలో కూర్చోబెట్టాడు. పిల్లలకి గ్లాసుల్లో పళ్ళరసం పోసిచ్చాడు. ఒంట్లో ఎలా ఉందని, రాత్రిళ్ళు నిద్రపడుతోందా అని అడిగాడు. మీ ఆరోగ్యం ఎలా ఉంది, మీకు తర్వాతి విడతలో ఇస్తున్నారు కదా అని ఆవిడ అడిగితే, "అవునండీ, ఇస్తున్నారు" అన్నాడు. ఆవిడ మొహం వెలిగిపోయింది.

వెళ్ళేముందు ఆవిడ ఒక ఫోటో కావాలంది. నా బతుకు నిలబెట్టిన మనిషితో, పిల్లలకి పెద్దయ్యాక చూపిస్తాను, అంది. ఎవరు తియ్యాలి? "నేను తీస్తాను, అది నా పని" అని తమ్ముడు ఆవిడ ఫోను అందుకున్నాడు. నేను వద్దన్నాను. గట్టిగానే వద్దన్నాను. వాడు వినలేదు. కిటికీ వెలుతురు మా మొహాలమీద పడేలా నిలబెట్టాడు. ఆవిడ నా నడుం చుట్టూ చెయ్యి వేసింది, పిల్లలు ముందు నిలబడ్డారు. "అక్కా, కొంచెం ఎడమకి జరుగు," అన్నాడు. జరిగాను. "నవ్వక్కా." నవ్వాను. కెమెరా పట్టుకుంటే వాడి చెయ్యి వణకదు, ఆ రోజు కూడా వణకలేదు. మూడు తీశాడు.

వాళ్ళు వెళ్ళాక తలుపు వేసి అక్కడే నిలబడ్డాను. వాడు కుర్చీలో కూర్చుని ఆయాసం తగ్గేదాకా ఆగాడు.

"నిజంగా ఇచ్చేశావా అక్కా?"

చాలా తేలికైన అబద్ధం ఒకటి అందుబాటులో ఉంది. అవునురా, ఆ పిల్లల మొహం చూసి ఇచ్చేశాను, అంటే సరిపోయేది. వాడు నమ్మేవాడు, దణ్ణం పెట్టేవాడు కూడా. నాకు నోరు రాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను, సాక్సులతో సహా.

"ఎన్నిసార్లడిగింది?" అన్నాడు.

"రెండుసార్లు."

వాడు తలూపాడు. ఈ ప్రపంచంలో ఇంకెవరికి ఈ కథ చెప్పినా వంద ప్రశ్నలు వేస్తారు, ప్రాణం మీదకొచ్చినప్పుడు ఎవరైనా అలా అంటారా అంటారు. వాడికి ఆ ఒక్క ప్రశ్నతో అంతా అర్థమైపోయింది. అదే నేను తట్టుకోలేకపోయాను. వాడి కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

"నువ్వైతే ఏమనేవాడివిరా?" అని అడిగాను. ఎందుకడిగానో నాకు తెలుసు. నేనూ అదే అనేవాణ్ణక్కా, అంటాడని. టీ వద్దన్నవాడు, ఆ అమ్మాయిని వద్దనకుండానే వదులుకున్నవాడు, ఇంకేమంటాడు. ఆ ఒక్క మాట అంటే దాన్ని పట్టుకుని మిగతా రోజులు లాక్కొస్తానని.

వాడు కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"వస్తున్నానని చెప్పేవాణ్ణి," అన్నాడు.

"మొదటిసారికే?"

"మొదటిసారికే. ఐదు నెలలుగా అద్దం ముందు అదే అనుకుంటున్నా. ఫోను నీ దగ్గరుందని నాకు ధైర్యంగా ఉండేది గానీ, ఒకవేళ నేనే ఎత్తాల్సొస్తే తడబడకూడదని."

వాడు వంగి నా మొహంలోకి చూశాడు. ఎప్పుడూ నేల చూసి మాట్లాడేవాడు.

"నాకు బతకాలనుందక్కా," అన్నాడు.

పుట్టి నలభయ్యొక్కేళ్ళు, నన్ను పెన్సిలు ముక్క కూడా నోరు తెరిచి అడగనివాడు. ఒక్కసారే అడిగాడు, సూటిగా. అలాగేరా, అన్నాను. ఆగి, మళ్ళీ అలాగేరా నాన్నా, అన్నాను. వాడు ఇంకా నా మొహంలోకే చూస్తున్నాడు.